బడిలో ఇచ్చిన ఆసుపత్రి చీటీకి మన పంటలో ఏ రోజు దొరుకుతుంది?

ఈసారి గూళ్ళ రేటు గురించి రాయడం లేదు, ఊజి ఈగ గురించీ రాయడం లేదు. బడిలో మన పిల్లోళ్ళకు జరిగే ఆరోగ్య తపాసణె గురించి రాస్తా ఉండాము. దీనికీ మన పురుగుల పంటకూ ఏం సంబంధం అంటారేమో. చాలా ఉంది, చివరిదాకా చదవండి.

మా కురుడుమలెలో గానీ, ముళబాగిలు తాలూకాలో ఏ పల్లెలో గానీ, సర్కారు బడికి సంవత్సరానికి ఒకసారి జీపులో డాక్టర్ల జట్టు రావాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని దాని పేరు, అందరూ ఆర్‌బీఎస్‌కే అంటారు. 2013 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టింది. జట్టులో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒకరు మగ, ఒకరు ఆడ. ఒక నర్సు, మందులిచ్చే ఫార్మసిస్టు ఉంటారు. అంగన్‌వాడికి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి. పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళదాకా పిల్లల్లో 30 రకాల జబ్బులు, లోపాలు ఉన్నాయేమో చూస్తారు. పుట్టుకతో వచ్చినవి, తిండిలో తక్కువై వచ్చినవి, చిన్నతనంలో వచ్చే రోగాలు, ఎదుగుదలలో ఆలస్యం అని నాలుగు గుంపులు. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రి, చెవుడు, చూపు, రక్తం తక్కువ, పుప్పి పళ్ళు, చెవిలో చీము, గజ్జి, ఆయాసం, మూర్ఛ, చదువు పట్టుబడకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. ఏదైనా బయటపడితే మందు గానీ, పెద్దాసుపత్రిలో ఆపరేషను గానీ డబ్బు లేకుండా చేయించాలన్నది ఈ పథకం నియమం.

ఇది కొత్త ఆలోచనేం కాదు. మన దేశంలో బడి పిల్లలకు వైద్య పరీక్ష 1909లోనే బరోడాలో మొదలైంది. 1946లో భోర్ కమిటీ చూసేసరికి దేశంలో బడి ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టే ఉన్నాయి. మన జిల్లాలోనే కేజీఎఫ్ గనుల వాళ్ళకు కంపెనీ ఆసుపత్రి ఉండేది. 2001లో గనులు మూతపడ్డాక ఆ భోగమూ పోయింది. రైతు పిల్లోళ్ళకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ డాక్టరు కంటపడే చోటు బడి ఒక్కటే.

ముందే చూడడం ఎంత అవసరమో వేరేవాళ్ళకు చెప్పాలి గానీ పట్టు రైతుకు చెప్పాలా? 1865లో ఫ్రాన్స్‌లో పెబ్రిన్ రోగంతో పురుగులన్నీ పోతుంటే లూయీ పాశ్చర్‌ను పిలిపించారు. ఆయన చూపించిన దారి ఏమిటి? గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూడు, రోగం కనబడితే ఆ గుడ్లు కాల్చేయి. ఈ రోజుకీ మనం రోగం లేని గుడ్లు అని దుడ్లు పోసి కొంటున్నది ఆ పరీక్ష నమ్మకం మీదనే. చాకీ కేంద్రంలో రెండో జ్వరం లేచిన పురుగును కూడా తట్ట ఎత్తి చూసి, సమానంగా ఉందా లేదా అని నాలుగుసార్లు అడిగి తెచ్చుకుంటాం. (పిచ్చికుక్క కరిస్తే వేసే టీకాకు 1885లో దారి చూపినదీ ఆ పాశ్చరే.) పురుగుకు ఇంత చూసే మనం, బడిలో మన బిడ్డను చూసి డాక్టరు రాసిచ్చిన చీటీని ఏం చేస్తా ఉండాము?

అసలు సంగతి ఇక్కడ ఉంది. బడిలో చూడడం సగం పనే. జీపులో వచ్చిన డాక్టరు అక్కడికక్కడ నయం చేసేవి కొన్నే. మిగతావాటికి చీటీ రాస్తారు. మొదట పీహెచ్‌సీ, లేదంటే ముళబాగిలు తాలూకు ఆసుపత్రి, ఇంకా పెద్దదైతే కోలారులో ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రి. పుట్టుకతో వచ్చిన లోపాలకు, ఎదుగుదల ఆలస్యానికి జిల్లా స్థాయిలో ప్రత్యేక కేంద్రం ఉండాలని పథకంలోనే ఉంది. గుండె ఆపరేషను లాంటివైతే అక్కడినుంచి బెంగళూరుకు పంపుతారు. ఈ చీటీ పట్టుకుని ఇంటికొచ్చిన పిల్ల, అమ్మ చేతికిస్తుంది. అమ్మ అప్పుడు ఏం చేస్తా ఉంటుంది? ఐదో దశ పురుగులకు ఆకు వేస్తా ఉంటుంది.

మన పంటలో తినే మొత్తం ఆకులో నూటికి 80 పాళ్ళ పైన ఆ చివరి ఏడెనిమిది రోజుల్లోనే పోతుంది. ఇంట్లో ఒక్క చెయ్యి తగ్గినా కష్టం. ఆ వారంలో ముళబాగిలుకు పోయి, ఓపీ చీటీ రాయించుకుని, వరుసలో నిలబడి, డాక్టరు లేడని రేపు రమ్మంటే మళ్ళీ పోయేదెవరు? "పంట అయినాక చూద్దాం లే" అంటాం. చీటీ క్యాలెండరు వెనకకో, లెక్కల పుస్తకంలోకో పోతుంది. పంట అయినాక షెడ్డు కడిగేది, సున్నం కొట్టేది, తోట కొట్టేది. పది రోజుల్లో మళ్ళీ చాకీ వస్తుంది. చీటీ సంగతి ఎవరికీ గుర్తుండదు. వచ్చే సంవత్సరం జీపు వచ్చినప్పుడు అదే డాక్టరు అదే పిల్లకు అదే చీటీ రాస్తారు.

మా బంధువుల్లోనే ఒక పాప ఉంది. పేరు వద్దు. మూడో తరగతిలో చూపు తక్కువుందని రాసిచ్చారు. ఇంట్లో వాళ్ళు, టీవీ దగ్గర కూర్చుని చూసే అలవాటు, అంతే అనుకున్నారు. రెండేళ్ళు గడిచినాయి. బోర్డు మీద రాసింది పక్క పిల్ల పుస్తకంలో చూసి రాసుకునేది, మేష్ట్రు ఏమో మందమతి అనుకున్నారు. ఐదో తరగతిలో అద్దాలు పెట్టించినాక ఆ పాప మొదట అన్నమాట, "చెట్టుకు ఆకులు వేరువేరుగా కనబడతాయా!" అని. తోటలో పుట్టి పెరిగిన పిల్ల.

ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు సంబంధాలకు అడ్డం వస్తుందనే మాట ఇంకా మన ఊళ్ళల్లో పోలేదు. మెల్లకన్ను అదృష్టం అనేదీ పోలేదు. మెల్లకన్ను గురించి ఒకటి గట్టిగా చెబుతాము. చిన్న వయసులో, సుమారు ఏడెనిమిదేళ్ళ లోపల వైద్యం చేయిస్తే ఆ కంటికి చూపు నిలబడే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే మెదడు ఆ కన్నును వాడడమే మానుకుంటుంది. తర్వాత అద్దాలు పెట్టినా పూర్తి చూపు రావడం కష్టం.

సరిహద్దు అవతల, పలమనేరు, వి.కోట వైపు మన చుట్టాలున్న ఊళ్ళల్లో 2019 అక్టోబరు 10న వైఎస్సార్ కంటి వెలుగు మొదలై, మొదటి విడతలో బడి పిల్లల కళ్ళే చూశారు. ఒక్కసారిగా అందరినీ చూడడం మంచిదే. మా లెక్కలో మాత్రం ఏటేటా చూసేదే మేలు. ఎదిగే పిల్లల కన్ను ఏడాదికేడాది మారుతుంది.

ఇప్పుడు రోజు ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. మన పంటలో ఖాళీ అసలు లేదనేది నిజం కాదు. పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు ఒక పగలు, ఒక రాత్రి సుమారుగా ఆకు వేసే పని లేదు. మూడో జ్వరం గానీ, నాలుగో జ్వరం గానీ, ఇంట్లో ఒకరు గాలి, తేమ చూసుకుంటే చాలు. ఇంకొకరు బిడ్డను తీసుకుని ముళబాగిలు పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. చంద్రికలకు ఎక్కించినాక గూళ్ళు విప్పేదాకా ఐదారు రోజులు ఇంకా సులువు. కోలారు మార్కెట్‌లో గూళ్ళు అమ్మేవాళ్ళైతే లాట్ వేసిన రోజే బిడ్డను, తల్లిని వెంట తీసుకుపోతే అదే బస్సు ఖర్చులో జిల్లా ఆసుపత్రి పనీ అవుతుంది. ఓపీ పొద్దున పూటే, అది మరవద్దు. చాకీకి ఆర్డరు ఇచ్చిన రోజు క్యాలెండరులో జ్వరం తేదీలు గుర్తు పెట్టుకుంటాం కదా, ఆ తేదీ పక్కనే బిడ్డ పేరు రాసుకోండి.

ఒక్కటి మాత్రం జ్వరం తేదీ దాకా ఆపకూడదు. గొంతు నొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాళ్ళు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచి నొప్పి పెడుతుంటే, పిల్లకు ఆయాసం ఉంటే, అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్ళను నాలుగు రోజులు బాధించి వదిలేస్తుంది గానీ గుండె కవాటాలను పాడుచేస్తుంది. ఆర్‌బీఎస్‌కే జాబితాలో ఈ గుండె జబ్బూ ఉంది. డాక్టరు ఖాయం చేస్తే మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి తప్పకుండా వేయించాలి. చవకైన సూదే, దాంతో గుండె ఇంకా చెడకుండా కాపాడుకోవచ్చు. ఐదో దశ అయినా సరే, పురుగులను పక్కింటివాళ్ళకు అప్పగించి పోండి. ఒక పంటలో పది కేజీల గూడు తగ్గితే తగ్గనీ.

తర్వాత రక్తం తక్కువ సంగతి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. బడిలో వారానికొకసారి ఇనుము మాత్ర ఇస్తారు. చిన్న తరగతులకు గులాబి రంగు, పెద్దవాళ్ళకు నీలం రంగు. "ఆ మాత్ర వేస్తే కడుపులో తిప్పుతుంది, దొడ్డికి నల్లగా పోతుంది" అని మన ఇళ్ళల్లోనే వద్దంటారు. నల్లగా పోవడం ఇనుము వల్లనే, భయం లేదు. కడుపులో తిప్పేది పరగడుపున వేస్తేనే ఎక్కువ. మధ్యాహ్నం బడిలో అన్నం తిన్నాక వేసుకోవాలి. వెంటనే కాఫీ, టీ ఇవ్వద్దు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయో ఉసిరికాయో తింటే బాగా పడుతుంది.

ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో కడుపులో పురుగులకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. 2015లో ఈ నులిపురుగుల దినం మొదలైంది. ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డకు సగం మాత్ర, ఆపైన 19 ఏళ్ళదాకా పూర్తి మాత్ర, నమిలి తినాలి. ఆ రోజు బడికి పోని పిల్లలకు వారం తర్వాత మళ్ళీ ఒక రోజు పెడతారు. మన పిల్లోళ్ళకు ఇది ఇంకా ఎక్కువ అవసరం. కొంకి పురుగు మట్టిలోంచి పాదం చర్మం గుండా లోపలికి పోతుంది, పేగుకు అంటుకుని రక్తం పీలుస్తుంది. మన తోటల్లో పిల్లోళ్ళు వట్టికాళ్ళతో ఆకు కోసేది మనకు తెలియనిది కాదు. ఒక జత చెప్పులు కొనివ్వండి. మాత్ర వేసి మళ్ళీ వట్టికాళ్ళతో తోటకు పంపితే, కడగని షెడ్డులోకి కొత్త పురుగు తెచ్చినట్టే.

ఊపిరి గురించి ఏ డాక్టరూ తనంతట తాను అడగడు, మనమే చెప్పాలి. పట్టు పనిలో ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా గుడ్ల కేంద్రాల్లో చిలుకల పొడి పీల్చేవాళ్ళకు, రీలింగ్ చేసేవాళ్ళకు ఆయాసం వస్తుందని వైద్యులు ఎప్పుడో గుర్తించినారు. మన ఇళ్ళల్లో ఇంకా కొందరు పురుగులు ఉన్న గదిలోనే పిల్లోళ్ళను పడుకోబెడతారు. షెడ్డుకు బ్లీచింగ్, క్లోరిన్ డయాక్సైడు, ఫార్మలిన్ కొట్టేటప్పుడు పిల్లోళ్ళు అక్కడే ఆడుకుంటూ ఉంటారు. ఇవి పెద్దవాళ్ళకే గొంతు పట్టేస్తాయి. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, పరుగెత్తితే ఆయాసం ఉన్న బిడ్డ అయితే తపాసణె రోజు "మా ఇంట్లో పట్టుపురుగులు మేపుతాం" అనే మాట డాక్టరుకు తప్పకుండా చెప్పమనండి. కన్నడలో చెప్పలేని చిన్న పిల్లలైతే ఒక కాగితం మీద రాసి పంపండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారవచ్చు. మందు కొట్టే రోజు పిల్లోళ్ళను దూరంగా ఉంచడం మాత్రం డాక్టరు చెప్పాల్సిన పని కాదు.

పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు చాలామంది పిల్లలకు చూస్తుంటాం. పొడితో తోమితే పోవు. మన జిల్లాలో లోతు బోరు నీళ్ళల్లో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు. శాశ్వత పళ్ళు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ళ లోపలే. ఆ వయసులో తాగిన నీళ్ళే పంటి మీద రాసి పెడతాయి. కాగబెడితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. శుద్ధ నీటి ఘటకం ఉన్న ఊళ్ళల్లో పెద్దోళ్ళకు బోరు నీళ్ళైనా, చిన్నపిల్లలకు, గర్భిణులకు ఆ నీళ్ళే పట్టండి. బడి ట్యాంకులో ఏ నీళ్ళు పోస్తున్నారో కూడా అడగండి.

అడిగే హక్కు మనకుంది. ప్రతి సర్కారు బడికి ఎస్‌డీఎంసీ ఉంది, అందులో ఉండేది పిల్లల తల్లిదండ్రులే. కానీ ఆ సమావేశాల్లో కాంపౌండు గోడ, గది రిపేరీ మాటలే సాగుతాయి. ఈసారి రెండు ప్రశ్నలు పెట్టండి. ఈ ఏడు డాక్టర్ల జట్టు వచ్చిందా, ఎన్ని చీటీలు ఇచ్చారు? అందులో ఎంతమంది ఆసుపత్రికి పోయినారు? మొదటి ప్రశ్నకు జవాబు రిజిస్టరులో దొరుకుతుంది. రెండోదానికి చాలా బడుల్లో జవాబు ఉండదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. 2020 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్యం చూసుకునేవాళ్ళుగా పెట్టాలని నియమం ఉంది. మీ బడిలో వాళ్ళెవరో తెలుసుకోండి, ఫోన్ నంబరు తీసుకోండి. జట్టు వచ్చే తేదీ ముందుగా తెలిస్తే ఆ రోజు ఆకు కోతకని పిల్లోళ్ళను ఆపకుండా ఉండొచ్చు.

చీటీ పోగొట్టుకున్నవాళ్ళు ఊరికే ఉండిపోవద్దు. డాక్టర్ల జట్టు దగ్గర, బడిలో బిడ్డ పేరు, ఏం రాశారో నమోదై ఉంటుంది. మేష్ట్రును అడిగి మళ్ళీ రాయించుకోండి. ఆసుపత్రికి పోయేటప్పుడు బిడ్డ ఆధార్, రేషను కార్డు, చీటీ వెంట పెట్టుకోండి. అక్కడ డబ్బు అడిగితే, ఆర్‌బీఎస్‌కే చీటీ మీద వచ్చినామని గట్టిగా చెప్పండి. ఈ నెల నాలుగో జ్వరం ఎవరికి ఎప్పుడో గ్రూపులో రాస్తే, ఒకే రోజు పోయేవాళ్ళు కలిసి ఒక ఆటో మాట్లాడుకోవచ్చు.