పట్టానికి ముందే పాలన

డిసెంబరు 23 వచ్చిందంటే సెంటినరీ కాలనీ జనం రాణీ రుద్రమదేవి స్టేడియం బాట పడతారు. 1920లో అదే తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ పుట్టింది. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకానికి నూరేళ్లు నిండిన గుర్తు ఈ కాలనీ పేరులోనే ఉంది. గని కార్మికుల ఊళ్లో, రామగుండం-3 ఏరియా నడిబొడ్డున, మైదానానికి కాకతీయ రాణి పేరు పెట్టుకున్నారు. ఆమెకు పట్టం ఎప్పుడు కట్టారంటే మాత్రం చరిత్రకారులు ఒక్క మాట మీద లేరు. 1262లోనే అని కొందరంటారు. తండ్రి గణపతిదేవుడు పోయాక, 1269 ప్రాంతంలో అని మరికొందరంటారు. అంటే ఏడేళ్ల తేడా. పట్టాభిషేకం గురించి మన నేల చెప్పే అసలు సంగతి ఆ ఏడేళ్లలోనే ఉందని నా నమ్మకం.

పట్టాభిషేకం అనగానే మన కళ్ల ముందు మెదిలేది కిరీటం. సినిమాలు అలా అలవాటు చేశాయి. పాత పద్ధతిలో పెద్దపీట నీళ్లది. వాల్మీకి యుద్ధకాండ చివర రాముడి పట్టాభిషేక ఘట్టం తీరిగ్గా చదవండి. వానరులు నాలుగు సముద్రాల నుంచి, ఐదు వందల నదుల నుంచి కలశాలతో నీళ్లు తెస్తారు. వసిష్ఠుడు, వామదేవుడు మొదలైన ఋషులు అభిషేకం చేస్తారు. అంతటితో అయిపోదు. ఋత్విజులు, బ్రాహ్మణులు, కన్యలు, మంత్రులు, యోధులు, వర్తకులు వరసగా వచ్చి ఆ తల మీద నీళ్లు పోస్తారు. శత్రుఘ్నుడు తెల్లగొడుగు పడతాడు. సుగ్రీవుడు ఒక పక్క, విభీషణుడు మరో పక్క వింజామరలు వీస్తారు. ఆ వరసలో ఆడపిల్లలూ ఉన్నారు, కత్తి పట్టినవాళ్లూ ఉన్నారు, సరుకు అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇంతమంది చేతుల మీదుగా నీళ్లు పడితేనే అతడు రాజు.

నీళ్లదే పెద్దపీట అన్న నమ్మకం మనదొక్కటే కాదు. 2019 మే 4న బ్యాంకాక్‌లో రాజు వజిరలాంగ్‌కోర్న్‌కు అభిషేకం చేసినప్పుడు థాయిలాండ్ అన్ని రాష్ట్రాల నుంచీ నీళ్లు తెప్పించారు. 2023 మే 6న లండన్‌లో మూడో చార్లెస్‌కు నీళ్లకు బదులు జెరూసలేంలో పవిత్రం చేసిన నూనె రాశారు. ఆ ఘట్టాన్ని తెర చాటున జరిపారు. దేవుడికీ రాజుకీ మధ్య మాటగా దాన్ని వాళ్లు భావిస్తారు. మన రామాయణంలో అది ఊరంతా చూస్తుండగా జరిగింది. భద్రాచలంలో శ్రీరామనవమి మర్నాడు మిథిలా స్టేడియంలో ఏటా జరిగే పట్టాభిషేకమూ జనం నడుమే. రాజదండం, ముద్రిక, ఛత్రం, చామరాలు, కిరీటం ఒక్కొక్కటీ ఎత్తి భక్తులకు చూపించి మరీ స్వామికి సమర్పిస్తారు. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కర పట్టాభిషేకం 2023 మార్చి 31న జరిగింది.

అదే యుద్ధకాండలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అభిషేకానికి కాస్త ముందు వస్తుంది. పద్నాలుగేళ్లు పాదుకల పేరు మీద రాజ్యం నడిపిన భరతుడు ఆ పాదుకలను తన చేతులతో అన్న కాళ్లకు తొడుగుతాడు. ఆ వెంటనే లెక్క చెబుతాడు. ఖజానా, ధాన్యపు కొట్లు, సైన్యం అన్నీ పదింతలు చేశాను, చూసుకో అంటాడు. గని దిగివచ్చిన ఓవర్‌మన్ తర్వాతి షిఫ్ట్‌వాళ్లకు రిపోర్టు అప్పజెప్పినట్టే ఉంటుంది ఆ మాట. సింహాసనం ఎక్కినవాడి కథ అందరం చెప్పుకుంటాం. దాన్ని ఖాళీగా, భద్రంగా ఉంచినవాడి కథ తక్కువ వింటాం.

అలాంటి కథ ఒకటి సెంటినరీ కాలనీ పక్కనే ఉంది. గోదావరి ఒడ్డున వేదపండితుల ఊరుగా పేరున్న మంథనిలో ఒక శాసనం దొరికింది. దాని తేదీ 1199 డిసెంబరు 26. గణపతిదేవుడి పాలనకు సంబంధించి తెలిసిన శాసనాల్లో అదే మొదటిది. అందులో అతణ్ని సకలదేశ ప్రతిష్ఠాపనాచార్యుడు అన్నారు. అంత పెద్ద బిరుదు వెనక పెద్ద కష్టమే ఉంది. తండ్రి మహదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. గణపతి వాళ్లకు బందీగా చిక్కాడు. ఓరుగల్లులో రాజు లేడు, సామంతులు తలెత్తారు. అప్పుడు రాజ్యాన్ని చేజారకుండా పట్టి ఉంచినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. కత్తి అతనిది, సైన్యం అతని మాట వినేది, సింహాసనం ఖాళీగా ఉంది. అయినా దాని మీద కూర్చోలేదు. యాదవ రాజు జైతుగి గణపతిని విడిచిపెట్టాక అసలు వారసుడికే రాజ్యం దక్కింది. ఆ రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఈ రోజు యునెస్కో బోర్డు చూసి గుడికి వెళ్లేవాళ్లలో, అది కట్టించినవాడు ఒక సింహాసనాన్ని కాపాడి అప్పగించాడని ఎంతమందికి తెలుసు? గైడ్లు చెప్పాల్సిన మొదటి మాట అది.

అరవై ఏళ్లకు పైగా పాలించిన గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురికి రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టి, కొడుకులాగే పక్కన కూర్చోబెట్టుకుని పాలన నేర్పాడు. 1261 నాటి మల్కాపురం శాసనంలో గోళకీ మఠం శైవ గురువు విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామం ఇచ్చిన దానంలో ఆమె పేరుంది. అప్పటికే రాజ్యం పనులు ఆమె చేతుల్లోకి వచ్చాయి. అయినా ఆ తర్వాతి శాసనాల్లోనూ ఆమెకు 'పట్టోద్ధతి' అనే మాట కనిపిస్తుంది. పట్టానికి ఎంచుకున్న వ్యక్తి అన్న అర్థంలో దాన్ని పండితులు తీసుకుంటున్నారు. తండ్రి బతికి ఉన్నంతకాలం పాలన ఆమెది, పట్టం ఆయనది. ఆ ఏడేళ్లూ యాదవ మహాదేవుడి దండు మీదికి వచ్చే ప్రమాదం, ఆడది ఏలడమేమిటన్న సామంతుల గొణుగుడు అన్నీ కిరీటం లేని ఆమె తల మీదే పడ్డాయి. రేచర్ల ప్రసాదిత్యుడి వంటి నాయకులు పక్కన నిలిచారు. ఓరుగల్లు రాతి కోటను ఎత్తు పెంచి పూర్తి చేయించింది ఆమే. పట్టం ఏ రోజున కట్టినా, అది అప్పటికే జరుగుతున్న పాలనకు నలుగురూ వేసిన ముద్ర.

మగపేరు విషయం మాత్రం నన్ను తొలుస్తూనే ఉంటుంది. ఆమె చేసిన పనిలో లోటు లేదు. ఆ పని ఆడమనిషి చేస్తోందని ఒప్పుకోవడానికే లోకానికి మనసు రాలేదు. బొగ్గు బెల్ట్‌లో ఈ మాటకు దగ్గరి ఉదాహరణ ఉంది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భ గనిలోకి దిగనివ్వలేదు. కేంద్రం ఆ నిబంధన సడలించింది 2019 జనవరిలో. రుద్రమ పేరున్న మైదానంలో పరుగు నేర్చిన ఆడపిల్లలకు ఇన్నాళ్లూ పక్కనున్న గనిలో చోటు లేకపోయింది. అడ్రియాల లాంగ్‌వాల్ గనిలోకి ఇప్పుడు వాళ్లు మగపేరు లేకుండానే దిగవచ్చు. ఆ దారి ఇంకా వెడల్పు కావాలి.

కాలనీకి కనుచూపు మేరలో కనిపించే రామగిరి ఖిల్లాకూ ఈ పాలన కథలో పాత్ర ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక సబ్బినాడు సీమకు ఈ కొండే రాజధాని అయింది. ఇక్కడి ముప్పభూపాలుడి మంత్రి కందనకు పద్మపురాణం ఉత్తరఖండాన్ని అంకితమిచ్చిన మడికి సింగన 'సకలనీతిసమ్మతము' అనే మరో గ్రంథం కూర్చాడు. రాజు ఎలా ఉండాలి, మంత్రి ఎలా మాట్లాడాలి అని పాత తెలుగు నీతిగ్రంథాలు చెప్పినవాటిని ఏరి ఒకచోట పెట్టాడు. వాటిలో కొన్ని మూలగ్రంథాలు ఇప్పుడు దొరకవు. సింగన ఏరి పెట్టినంత మేరకే మిగిలాయి. ఖిల్లా చూడటానికి కొండెక్కే కుర్రాళ్ల బడిపుస్తకంలో ఆయనకు ఒక పేజీ దక్కితే బాగుండును.

రుద్రమ తన తర్వాత రాజ్యాన్ని కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడికి అప్పగించింది. ఆ పట్టాభిషేకానికి మాత్రం ఏ కొరతా రాలేదు. విద్యానాథుడు తన 'ప్రతాపరుద్ర యశోభూషణం' అలంకారగ్రంథంలో దాని మీద ఏకంగా ఒక నాటకమే రాశాడు. స్వయంభూదేవుడు కలలో కనిపించి మనవడికి రాజ్యం ఇమ్మంటాడు. యువరాజు దిగ్విజయం చేసి వస్తాడు, అభిషేకం జరుగుతుంది. మనవడి వేడుకకు ఆస్థాన విద్వాంసుడు ఉన్నాడు, సంస్కృత నాటకం ఉంది. అమ్మమ్మ పట్టానికి తేదీ వేసిన రాయి ఒక్కటీ లేదు. ఆమె మరణానికి మాత్రం ఉంది. నల్గొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు 1289 నవంబరు 27న శాసనం వేయించాడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇస్తున్నానని అందులో రాయించాడు. తిరగబడ్డ కాయస్థ సామంతుడు అంబదేవుడితో పోరులో ఆమె పడిపోయిందని చరిత్రకారులు నమ్మడానికి ఈ రాయి ఒక ఆధారం.