మా యింటి యుద్ధచరిత్రల బీరువా

మా మామగారు స్వర్గస్థులైన పిదప వారి గది సర్దు పని మాపై బడినది. అందు బట్టలు ఒక పెట్టెకు మించి లేవు. పుస్తకములు మాత్రము రెండు బీరువాలు నిండి అటకపైకి గూడ నెక్కియున్నవి. వానిలో ముప్పాతిక యుద్ధచరిత్రలే. చూడవచ్చిన బంధువులలో నొక పెద్దమ్మగారు "పిల్లలు తిరుగు నింట ఈ కత్తికోతల కథ లేలనమ్మా? తూకమునకు వేసివేయుము" అని హితవు చెప్పిరి. ఆ మాట మాకును సబబుగానే తోచినదని దాచక చెప్పుచున్నాము. చిన్ననాడు నాన్నగారియొద్ద భారతము చదువుకొన్నను, యుద్ధపర్వములలో బాణముల లెక్క వచ్చినపుడెల్ల పుటలు త్రిప్పివైచి స్త్రీపర్వముకడ నాగుట మా యలవాటు. అందుచేత అట్ట లూడినవి, పురుగు తొలిచినవి ఏరి, మూటగట్టి, పాతకాగితముల వానికి తూచి యిచ్చితిమి.

ఆ మూటలో పోయినదేమో ఎనిమిది నెలలకుగాని తెలియలేదు. మా పెద్దవాడు బొబ్బిలి యుద్ధమును గూర్చి బడిలో వ్యాసము వ్రాయవలసివచ్చి, దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయచరిత్రమును తీసెను. అందు మామగారి చేతివ్రాతతో నొక చీటీ యున్నది: ఓర్మ్ రెండవ సంపుటముతో పోల్చి చదువవలెనని. మొదటి సంపుటము బీరువాలో భద్రముగా నున్నది. దానికి బంగారునీటి అక్షరముల తోలు అట్ట. రెండవదానికి అట్ట లేదు. దానినే మేము తూకమునకు వేసితిమి. బొబ్బిలి కథ యున్నది ఆ రెండవదానిలోనే.

రాబర్ట్ ఓర్మ్ ఈస్టిండియా కంపెనీవారి కొలువున చెన్నపట్టణపు ఆలోచన సభలో సభ్యుడుగా నుండిన దొర. హిందూస్థానమున ఇంగ్లీషువారు నడపిన యుద్ధముల చరిత్రము వ్రాసి, మొదటి సంపుటమును 1763లో, రెండవదానిని 1778లో ప్రకటించెను. తప్పు మాదే గనుక, ఆ యేటి దసరా చీర మానుకొని రెండవ సంపుటపు పునర్ముద్రణమును తెప్పించితిమి. వచ్చిననాటి రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట దీపముకడ కూర్చుండి చదివితిమి. ఇంగ్లీషు మాకు మెల్లగా నడుచును. మా వారు తోడుకూర్చుండి కఠినమైన మాటలు చెప్పిరి.

బొబ్బిలి కోటపై ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగరపు రాజు విజయరామరాజును 1757 జనవరి 24వ తేదీ తెల్లవారుజామున పడినారు. పగకు కారణములు చెప్పుచు ఓర్మ్ దొర, బొబ్బిలివారు సెలయేటి నీటిని తమవైపు మరల్చుకొనుచుండిరన్న తగవునుగూడ చెప్పినాడు. పొలమునకు నీరు తెచ్చుకొను తగవు ఎంతవరకు పోగలదో పల్లెలో పుట్టిన స్త్రీలకు వేరుగా చెప్పనక్కరలేదు. మట్టికోట బురుజులను ఫిరంగులతో కొట్టి, నిచ్చెనలు వేసి ఎక్కబోయి, గంటసేపు ప్రయత్నించినను శత్రువు లొక్కరును గోడ దాటలేకపోయిరి. మరల ఫిరంగులు మ్రోగినవి. కోట నిలువదని తెలిసినప్పుడు రంగారాయడు తనవారిని పిలిచి, ఆడవారును పిల్లలును శత్రువుల చేత జిక్కరాదని ఆజ్ఞ యిచ్చెను. నియమింపబడిన మగవారే కోట నడుమనున్న యిండ్లకు నిప్పుపెట్టిరి. వెలికి రాబోయినవారిని తామే పొడిచిరి. ఒక వృద్ధుడు మాత్రము రంగారాయని కుమారుని, తండ్రి యాజ్ఞకు విరుద్ధముగా, దాచి బ్రతికించి ఫ్రెంచివారి కప్పగించెనని యున్నది. ఆ రాత్రి మేము ఆ పుటకంటె ముందుకు పోలేదు.

మరునా డంతయు ఒకే సంగతి మనసును పట్టుకొన్నది. విజయరామరాజును గుడారమున పొడిచినవారు చేసిన గాయములు ముప్పదిరెండని ఓర్మ్ దొర లెక్క వ్రాసినాడు. ఆ యిండ్లలో మడిసిన స్త్రీలలో ఒక్కరి పేరైనను వ్రాయలేదు. ఆయన యుద్ధభూమిని చూచినవాడు కాడు; ఆ కాలమున చెన్నపట్టణమున నున్నాడు. పైగా ఫ్రెంచివారు ఆయనకు శత్రువులు. విన్నదానిని విన్నట్లు వ్రాసినాడని యొప్పుకొందము. అయినను, గాయముల లెక్క చెవిని బడినవానికి ఆడవారి పేర్లు ఎందుకు పడలేదు? మన తెలుగు కవియు, ఊరూర పాడిన జంగములును మల్లమ్మదేవిని పేరుపెట్టి పిలిచినారు. పగ తీర్చినది తాండ్ర పాపారాయడని మనవారి కథ. ఓర్మ్ గ్రంథమున వారు పేరులేని యిద్దరు భటులు; అదే భాష మాటలాడుటచేత పగవారి దండులో ఎవరును అనుమానింపకుండ గుడారముదాక పోగలిగిరని మాత్రము ఆయన చెప్పును. అవతలివారును తెలుగువారే గదా!

రెండు పుస్తకములను ఒళ్లో పెట్టుకొని చదివినప్పుడు గాని ఇట్టివి కనబడవు. అందుచేత బీరువాలు రెంటిని మొదటినుండి మరల సర్దితిమి.

అంతకుముందు మామగారు గ్రంథకర్తల పేళ్లను బట్టి యుంచిరి. ఆయన తలలో పట్టిక యుండెను గనుక ఆయనకు చెల్లినది. మేమేమో, చెప్పుటకు సిగ్గగుచున్నది, తొలుత పొడవును బట్టి నిలిపితిమి. చూడముచ్చటగానే యుండెను. కాని రాయచూరు యుద్ధము కావలసినప్పుడు ఏ అరలో వెదకవలెనో దేవునికెరుక. గ్రంథాలయములలో మెల్విల్ డ్యూయీ అంకెల పద్ధతి వాడుదురు. అందు యుద్ధశాస్త్రము 355 క్రిందను, దేశచరిత్రలు 900 పైని అంకెలలోను పడును. చెన్నపట్టణపు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పనిచేసిన రంగనాథన్ గారు 1933లో వేరొక పద్ధతిని ప్రకటించిరి. అవి వేలకొలది గ్రంథములున్నచోట తగును. రెండు బీరువాల యింటికి ఒక్క నియమము చాలును: యుద్ధముల వరుసన పుస్తకములు, ఒక్కొక్క యుద్ధమున పగవారి పుస్తకములు ప్రక్కప్రక్కనే.

ఈ నియమమున చిక్కు లేకపోలేదు. ఒకే పుస్తకమున పది యుద్ధము లున్నప్పుడు ఎక్కడ పెట్టవలెను? పుస్తకమును దాని ముఖ్యమైన చోట నుంచి, మిగిలిన తావులలో గట్టి అట్టముక్కపై "ఫలానా పుస్తకము, ఫలానా అర, ఇన్నవ పుట" అని వ్రాసి నిలబెట్టితిమి. ఓర్మ్ రెండవ సంపుటమునకు బొబ్బిలి కడను, 1758 నాటి చందుర్తి యుద్ధము కడను, మరుసటి యేటి బందరు ముట్టడి కడను అట్టముక్కలు నిలిచినవి.

తరువాత ఒక గీతల పుస్తకము తీసి పట్టిక వ్రాసితిమి. యుద్ధము, సంవత్సరము, గ్రంథము, ఇంతవరకు అందరును వ్రాయుదురు. మేము మూడు గళ్లు చేర్చితిమి: వ్రాసినవాడు ఏ పక్షమువాడు? కన్నులార చూచెనా? యుద్ధమైన ఎన్నేండ్లకు వ్రాసెను? ఈ మూడవ గడియే మాకు కన్నులు తెరపించినది. ఓర్మ్ గ్రంథము అచ్చగునప్పటికి బొబ్బిలి కాలి ఇరువదియొక్క యేండ్లయినవి. 1565 నాటి రాక్షసితంగడి యుద్ధమును బిజాపురమునందుండి ఫెరిష్తా వ్రాయునప్పటికి నలుబదియేండ్లు దాటినవి. ఆయన గెలిచినవారి కొలువులోనివాడు. పలనాటి యుద్ధము పండ్రెండవ శతాబ్దిది. శ్రీనాథుని పేర మనకున్న పలనాటి వీరచరిత్రము పదునైదవ శతాబ్దిది. దానిని అక్కిరాజు ఉమాకాంతము గారు అచ్చువేయించినది 1911లో. ఇంత దూరము వచ్చిన కథలో నాయకురాలు నాగమ్మకు జరిగినది న్యాయమో కాదో, గడిలో ఏమి వ్రాయవలెనో తోచక ఖాళీగా విడిచితిమి.

రాయచూరి వరుస అన్నిటికంటె మాకు ప్రియమైనది. 1520లో కృష్ణదేవరాయలు చేసిన ఆ దండయాత్రను నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు 1535 ప్రాంతమున వ్రాసెను. దానిని రాబర్ట్ స్యూయెల్ దొర 1900లో ఇంగ్లీషున ప్రకటించెను. దాని ప్రక్కన మన రాయవాచకము. ఏనుగులను, గుఱ్ఱములను లెక్కించి నూనిజ్ అంతటితో విడువలేదు. తిత్తులతో నీరు మోయువారు పది పండ్రెండు వేలమంది దారిపొడవున నిలిచి, తెచ్చి యిచ్చు దిక్కు లేనివారికి నీరు పోయుచుండిరనియు, దప్పిచే నెవరును చావకుండుటకే ఆ యేర్పాటనియు వ్రాసెను. చాకలివారిని గూడ మరువలేదు. పెండ్లికి మూడువందలమందికి వండించినవారికి ఇది చదువ ముచ్చట గలుగును. కౌటిల్యుని అర్థశాస్త్రమునను ఇట్టి మాట కలదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరున అచ్చువేయించిన ఆ గ్రంథమున, సేన వెనుక శస్త్రములు, నూనెలు, గుడ్డలు పట్టుకొని వైద్యులును, అన్నపానములతో స్త్రీలును నిలిచి యోధులకు ధైర్యము చెప్పవలెనని విధించినాడు.

అందుచేత అడుగు అర నొకదానిని దెబ్బలకు, ఆకలికి కేటాయించితిమి. ఫ్లారెన్స్ నైటింగేల్ చరిత్రము అక్కడనున్నది. ఆమె 1854లో ముప్పదియెనిమిదిమంది పరిచారికలతో స్కుటారి చేరినది. క్రిమియాలో గాయములచే చచ్చిన సైనికులకంటె రోగములచే చచ్చినవారే యెక్కువయని లెక్కలు గట్టి, రంగుల పటములతో 1858లో దొరతనమువారికి చూపినది. మా చిన్నది ఆ పటమును చూచి పువ్వనుకొన్నది.

రెండవ ప్రపంచయుద్ధపు అరలో బిశేశ్వర్ ప్రసాద్ గారి సంపాదకత్వమున వెలువడిన భారత సైన్యముల అధికార చరిత్ర సంపుటములు కొన్ని యున్నవి. 1947లో దేశము రెండైనను ఆ చరిత్రమును రెండు దేశములును కలిసి వ్రాయించినవి. 1942 ఏప్రిల్ 6వ తేదీ జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసిన సంగతి ఆ యుద్ధపు గ్రంథములలో చదివి, అత్తగారి కడ ప్రస్తావించితిమి. ఆమె వంట మాని కూర్చుండి, తమ తల్లిగారు చెప్పుచుండిన మాటలు చెప్పిరి: విశాఖలో ఇత్తడి బిందెలు పెరటిలో పాతిపెట్టి, బాలింతను బండిలో పరుండబెట్టి ఊరు విడిచినది, బొంగుపేలాలు తప్ప దారిలో ఏమియు దొరకనిది, తిరిగివచ్చి త్రవ్వగా బిందె యొకటి తక్కువైనది. నాలుగు పుటలు వ్రాసికొని, కుట్టి, అట్టవేసి, ఆ సంపుటముల ప్రక్కనే నిలిపితిమి. పట్టికలో "చూచెనా?" అను గడిలో "కూతురు చెప్పగా కోడలు వ్రాసినది" అని యున్నది.

పుస్తకముల రక్షణ సంగతి కొంచెము. బీరువాను గోడకు నాలుగంగుళములు దూరముగా నుంచవలెను. వసకొమ్ము, బాగుగా ఎండిన వేపాకు పలుచని గుడ్డలో మూటగట్టి అరకొకటి పెట్టవలెను. వానకాలము పోగానే నీడలో పుటలు విప్పి గాలికి చూపవలెను. యుద్ధగ్రంథములకు ప్రత్యేకమైన బాధ మడత పటములది. విప్పునప్పు డెల్ల మడతకడ చిరుగును. వానికి జిగురు టేపు అంటింపరాదు. మేమంటించినది గోధుమరంగు తిరిగి అక్షరములను మింగినది. పలుచని కాగితపు పట్టీని మైదాజిగురుతో వెనుకప్రక్క అంటించుట మేలు. చిరిగినవానిని విడిగా కవరులో నుంచి, పుస్తకమున చీటీ పెట్టితిమి.

అంతయు సర్దిన పిమ్మట భారతపు యుద్ధపర్వములు మిగిలినవి. వరుస తప్పక అవియే మొదట నుండవలెనని మా వాదము. అత్తగారు వానిని దేవుని గదిలోనుండి కదలనీయలేదు. యుద్ధమున్నంతమాత్రమున భారతము బీరువాలోనిది కాదనిరి. మేమును ఎదురాడలేదు. మొదటి అర మొదటి తావున అట్టముక్క నొకటి నిలిపి, "దేవుని గది, ఎడమ గూడు" అని వ్రాసితిమి.