ఒక్క అవధాని, అయిదు వందల పృచ్ఛకులు

బెంగళూరులో వీధిదీపములకు ఎవ్వరును రుసుము చెల్లింపరు గదా, మరి వీధివీధికిని వై-ఫై ఏల ఉచితముగా ఈయరాదని అడుగు పాఠకుల ఉత్తరములు నాకు వచ్చుచునే యున్నవి. వ్రాయువారిలో ఇంజనీర్లును ఉండుట మరింత విసుగు పుట్టించుచున్నది. శివనసముద్రపు జలవిద్యుత్తుతో 1905లో ఈ నగరవీధులు వెలిగినప్పుడు, ఒక దీపము క్రింద ఒక్కడు నడచినను నూర్గురు నడచినను వెలుతురు ఆవగింజంతయు తరుగలేదు. వై-ఫై నైజము వేరు. దాని నీడన నూర్గురు చేరినచో తలకొక నూరవ వంతు దక్కునని మీరు లెక్కవేయుదురేమో, అదియును దక్కదు. ఏల దక్కదో తెలియనిదే ఈ నగరమున జరిగిన ప్రయత్నము ఏల చప్పబడినదో బోధపడదు.

ఆ ప్రయత్నము పేరు ‘నమ్మ వై-ఫై’. 2014 జనవరిలో నాటి కర్ణాటక ఐటీ మంత్రి ఎస్.ఆర్. పాటిల్ దానిని ప్రారంభించిరి. మహాత్మాగాంధీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు, ఇందిరానగరపు సి.ఎం.హెచ్. రోడ్డు, శాంతినగర, కోరమంగల, యశవంతపుర బస్టాండ్లు మొదలగు చోట్ల ఎవ్వరైనను ఫోనులో నమోదు చేసికొని, దినమునకు మూడు గంటలసేపు, 50 ఎంబీ మించకుండ, 512 కేబీపీఎస్ వేగముతో వాడుకొనవచ్చునని నియమము. వినువారి చెవిని బడినది మూడు గంటలన్న మాట యొక్కటే. కాగితము మీద లెక్కవేసి చూడుడు: 50 ఎంబీ యనగా 400 మెగాబిట్లు, సెకనుకు 512 కిలోబిట్ల చొప్పున అవి 13 నిమిషములలో హరించును. అనగా చెప్పిన వేగము నిజముగా అందినచో మూడు గంటల భాగ్యము పావుగంటకు ముందే ముగియును. మూడు గంటలును గడువవలెనన్నచో వేగము పదునాల్గవ వంతుకు దిగవలెను. ఈ కొలతలు పెట్టినవారు పిసినారులు కారు. పంచుటకు తమ చేత ఉన్నదెంతో ఎరిగినవారు.

తెలుగువారికి ఈ సంగతి బోధించుటకు అష్టావధానమును మించిన సాధనము లేదు. స్తంభముపై బిగించిన వై-ఫై పెట్టె అవధాని. క్రింద నిలిచిన ఫోన్లు పృచ్ఛకులు. సమస్య నిచ్చువాడు, దత్తపది నిచ్చువాడు, వర్ణన నడుగువాడు, ఎందరున్నను ఒక క్షణమున ఒక్క కంఠమే వినబడవలెను. పృచ్ఛకుడు పలుకునప్పుడు అవధాని పలుకడు, అవధాని పలుకునప్పుడు పృచ్ఛకులెల్లరును మౌనము. ఒకే చానెల్‌లో నున్న వై-ఫై పరికరములన్నింటికిని ఇదియే శాసనము. కాని అవధానసభలో సంచాలకుడుండి వంతు చెప్పును. ఆనాటి వై-ఫై సభకు సంచాలకుడు లేడు. ప్రతి ఫోనును మొదట చెవియొగ్గి, ఎవ్వరును మాటాడుట లేదని నిశ్చయించుకొని, అటుపై తనకు తోచినన్ని మైక్రోసెకన్లు ఆగి, అప్పుడు నోరు విప్పవలెను. ఇద్దరొకేసారి విప్పిరా, ఇద్దరి మాటయు వ్యర్థము; ఇద్దరును ఈ మారు మరింత దీర్ఘముగా వేచి మరల మొదలుపెట్టవలెను. పదిమంది పృచ్ఛకులున్నప్పుడిది ముచ్చటగా సాగును. బ్రిగేడ్ రోడ్డున శనివారము సాయంకాలము అయిదు వందల ఫోన్లు ఒక్క అవధానిని చుట్టుముట్టినచో, సభాసమయమున అధికభాగము వేచుటకును, ఒకరి మాటకొకరు అడ్డుపడుటకును, అడిగినదే మరల అడుగుటకును చెల్లిపోవును. నూరవ వంతయినను దక్కదంటిని గదా, మొదటి కారణమిది.

రెండవది ఇంతకంటె వింతయైనది. సభ చివర కూర్చున్న పృచ్ఛకుడు తన మాట చెడిపోకుండుటకై ఒక్కొక్క అక్షరమును సాగదీసి పలుకవలసి వచ్చును. ముందువరుసవాడు సెకనుకు 54 మెగాబిట్ల చొప్పున చెప్పగలిగినదానిని చివరివాడు ఒక్క మెగాబిట్ చొప్పున చెప్పును. వై-ఫై వంతులను సమానముగా పంచును గాని కాలమును సమానముగా పంచదు; కావున చివరివాని ఒక్క వంతు ముగియులోపల ముందువరుసవారివి పదుల వంతులు గడచిపోవలసినది. పెట్టె క్రిందనే నిలిచి, తెరపై నిండైన సిగ్నల్ గీతలు చూచుచు, ఒక్క పుటయు తెరచుకొనక ఇదంతయు మోసమని తిట్టువాడు, నిజమునకు వీధికావల చెట్టుచాటున నిలిచిన ముక్కుమొగమెరుగని వానికొరకు వేచియున్నాడు. ఆ ఇరువురును ఒకరి మాట ఒకరికి వినబడనంత దూరమున నున్నచో మరియును ముప్పు: ఎవరికి వారే సభ నిశ్శబ్దముగా నున్నదనుకొని ఒక్కసారి అవధానిపై బడుదురు.

ఇక అప్రస్తుత ప్రసంగి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ ఎవ్వరైనను వాడవచ్చునని భారత ప్రభుత్వము 2005లో అనుమతించినది. ఆ పట్టీ వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్, అందు ఒకదాని నొకటి ఒరయని చానెళ్ళు మూడే. అనగా ఎన్ని సభలు జరిగినను వేదికలు మూడు. దుకాణముల రౌటర్లు, మేడలపై ఇండ్ల రౌటర్లు, బ్లూటూత్ పరికరములు, హోటళ్ళ మైక్రోవేవ్ పొయ్యిలు అన్నియు ఆ మూటిలోనే దూరిన పిలువని పేరంటపు ప్రసంగులు. నిజమైన అప్రస్తుత ప్రసంగి రసము కొరకు అడ్డుతగులును, అవధాని చమత్కారముతో త్రిప్పికొట్టును, సభ పకపక నవ్వును. ఆ సొగసు ప్రత్యక్షముగా చూడగోరువారు, కన్నడమున ఈ కళకు మరల ప్రాణము పోసిన బెంగళూరు శతావధాని ఆర్. గణేశ్ గారి సభకు ఒక దినము పోయి రావలెను. రేడియో తరంగములకు చమత్కారము లేదు, మరల అడుగుట తప్ప. 5 గిగాహెర్ట్జ్ పట్టీ ఎంతయో విశాలమైనది గాని, ఆరుబయట దానిని విరివిగా వాడుటకు అనుమతి 2018లో గాని రాలేదు. అప్పటికే నమ్మ వై-ఫై మూగవోయినది.

ఈ అక్షరము వాడరాదని అడుగడుగున అడ్డుపడు నిషిద్ధాక్షరి పృచ్ఛకుని పాత్ర ప్రభుత్వమే ధరించెను. 2008లో అహమ్మదాబాదు ప్రేలుళ్ళకు సంబంధించిన ఈమెయిలు నవీ ముంబయిలో భద్రతలేని వై-ఫై ద్వారా పంపబడినదని తేలిన పిదప, బహిరంగ వై-ఫై వాడు ప్రతివానిని గుర్తించి తీరవలెనని టెలికాం శాఖ 2009లో ఆదేశించెను. ఆ ఆదేశము నిష్కారణమని నేననను. కాని దాని ఫలమెట్లున్నదో చూడుడు: ముందు మొబైల్ నంబరు కొట్టవలెను, దానికి ఓటీపీ రావలెను; ఓటీపీ రావలెనన్న సిమ్ ఉండవలెను; సిమ్ ఉన్నవానికి డేటా ఎట్లును దొరకును. ఇచటి సిమ్ లేక అల్లాడు విదేశీ యాత్రికునికి మాత్రము తలుపు మూసియుండును.

పెట్టెలు పెంచినచో సరి గదా యనువారికి చిన్న లెక్క. నగరము సుమారు 700 చదరపు కిలోమీటర్లు. ఒక్కొక్క పెట్టె నలుదిక్కుల నూరేసి మీటర్లు పలుకుననుకొన్నను 22,000 పెట్టెలు కావలెను. అదియు గోడలు, చెట్లు లేని ఊరికి. వానలో తడిసిన ఆకులు ఈ తరంగములను త్రాగివేయును, బెంగళూరులో వానకు గాని ఆకుకు గాని కొరత లేదు. ప్రతి పెట్టెకును కరెంటు, ఫైబర్ తీగ, రోడ్డు త్రవ్వుటకు నగరపాలిక అనుమతి. ఆ జాప్యము భరింపలేక సంస్థలు తీగలను చెట్లకు చుట్టుట, పాలికవారు వచ్చి కత్తిరించుట ఇచటివారు ఎన్నడో ఆశ్చర్యపడుట మానిన తంతు. ఇవి చాలవన్నట్లు ‘రేడియేషన్’ భయముతో స్తంభమునకు పెట్టె కట్టనీయని కాలనీ పెద్దలు వేరుగా ఉందురు. వారే అంతకు ఎన్నో రెట్లు దగ్గరగా ఫోనును చెవికి ఆనించుకొని గంటసేపు మాటాడుదురు. తరంగబలము దూరపు వర్గమును బట్టి తగ్గునని బడిలో చదివినది అప్పుడు గుర్తు రాదు. 2020లో ఆవుపేడతో చేసిన ఒక ‘చిప్’ ఫోనుకు అంటించినచో రేడియేషన్ తగ్గునని ఢిల్లీలో ప్రకటించిరి. అది నిజముగా తరంగములను ఆపునదే యైనచో ఫోను మ్రోగరాదు గదా!

ఇదియంతయు బెంగళూరువారి అసమర్థత యనుకొనరాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా 2004లో ఊరెల్లకు వై-ఫై యని పూనుకొని, ఒప్పుకొన్న ఎర్త్‌లింక్ సంస్థ 2008లో చేతులెత్తివేయగా చతికిలబడినది. హైదరాబాదులో 2014లో హైటెక్ సిటీ దారిన ఎయిర్‌టెల్ సహాయముతో మొదలైన ఉచిత వై-ఫై కూడ నగరమంతటికిని అల్లుకొనలేదు. గెలిచినది రైల్వేస్టేషన్లలో పెట్టిన వై-ఫై. గూగుల్, రైల్‌టెల్ కలిసి 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌తో మొదలుపెట్టి 400 స్టేషన్లు దాటించిరి. పట్టాల వెంబడి ఫైబర్ అప్పటికే పరచియున్నది, కరెంటు ఉన్నది, జనము ఒకచోట కూర్చుండి వేచియుందురు; పైగా కప్పుక్రింద కాబట్టి అవధానికి నాలుగు గోడల సభ దొరికినది. అయినను 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించిన తరువాత ఆ గెలుపునకు అర్థము మారినది. అందరికిని డేటా చౌకగా అందుచుండగా మా అవసరము తగ్గినదని గూగుల్ 2020లో వైదొలగెను.

అవసరము మాత్రము పూర్తిగా పోలేదు. రీచార్జి ముగిసిన డెలివరీ కుర్రవాడు మెజెస్టిక్ బస్టాండులో ఆర్డరు చూచుకొనుటకు, కట్టడపు పనికి వచ్చిన రాయచూరు కూలీల పిల్లలు వీడియో పాఠము వినుటకు ఎవ్వరో ఒకరు దారి చూపవలసియే యున్నది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పీఎం-వాణి పథకము ఆ దారినే పట్టినది: ప్రభుత్వము ఉచితముగా ఈయదు, కాకా హోటలువాడో కిరాణా కొట్టువాడో లైసెన్సు లేకయే తన బ్రాడ్‌బ్యాండ్‌ను చిన్నచిన్న ప్యాకులుగా అమ్ముకొనవచ్చును. 2022 నాటికి దేశమున కోటి బహిరంగ హాట్‌స్పాట్లు ఉండవలెనని కేంద్రపు 2018 టెలికాం విధానపత్రము వ్రాసికొన్నది. అందు అల్పభాగమే నెరవేరెను. కారణము తరంగము గాదు, బిల్లు. టెలికాం సంస్థలు ఆ కొట్టువానిని ఇంటి చందాదారుగా గాక వాణిజ్య గిరాకీగా చూచి ఎన్నో రెట్లు వసూలు చేయుచుండెను. 200 ఎంబీపీఎస్ వరకు గల ప్లాన్లకు ఇంటి ధరకు రెట్టింపు మించరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో కట్టడి చేసినది. ఇప్పుడు ఆ కొట్టువాని యెదుట నున్న ప్రశ్న ఒక్కటే: దినమునకు ఒకటిన్నర జీబీ జేబులో ఉన్నవారు, అయిదు రూపాయల ప్యాకు కొరకు తన గడప ఎందరు త్రొక్కుదురు?