నర్సు అనస్థటిస్టు వృత్తి - విదేశీ నర్సుల ప్రవేశం

నర్సు అనస్థటిస్టు అనగా శస్త్రచికిత్స సమయంలో రోగికి మత్తుమందు ఇచ్చి, ఆపరేషను పూర్తయ్యే వరకు శ్వాస, రక్తపోటు, గుండె పనితీరులను కనిపెట్టుకొని ఉండుటకు ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వీరిని సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్థటిస్ట్ (సంక్షిప్తంగా సి.ఆర్.ఎన్.ఎ.) అంటారు. నర్సింగు వృత్తిలోని శాఖలన్నింటిలో ప్రవేశానికి అత్యంత పోటీ ఉన్న వాటిలో ఇది ఒకటి. హైదరాబాదు వంటి నగరాలలో చదువుకొని అమెరికా వెళ్ళిన నర్సులకు ఈ శాఖలో చేరుట సాధ్యమే కాని, దారి చాలా పొడవైనది. ఆ దారిలోని మెట్లను ఈ వ్యాసం వివరిస్తుంది.

హైదరాబాదు, మత్తు వైద్యం

మత్తు వైద్య చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉన్నది. మూసీ ఒడ్డున, పాతబస్తీకి ఎదురుగా నయాపూల్ పక్కన నేడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ప్రాంతంలో 19వ శతాబ్దంలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1846లో ఏర్పడిన హైదరాబాదు మెడికల్ స్కూలుకు 1885లో ప్రిన్సిపాలుగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం సురక్షితమైనదని గట్టిగా వాదించేవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వపు ధనసహాయంతో 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పరిశోధనలు జరిపాయి. రెండవ దానిలో పాల్గొనుటకు లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాం వలన ముందుగా ఆగేది శ్వాసేనని, కనుక నాడిని కాక శ్వాసను గమనించాలని కమిషను తేల్చింది. అయితే క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. కమిషను నిర్ణయం ఆ మేరకు తప్పినా, మత్తు ఇచ్చే వ్యక్తి రోగి శ్వాసపై నుండి దృష్టి మరల్చరాదన్న సూత్రం నేటికీ నిలిచి ఉన్నది.

ఈ పాఠశాలలోనే చదివిన పార్శీ మహిళ డా. రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరు పొందారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫాం ఇచ్చిన ఈమె, 1909లో ఉన్నత విద్యకై ఎడింబరో వెళ్ళారు. ఈమె నర్సు కారు, వైద్యురాలు. అయినను హైదరాబాదు శిక్షణతో పరదేశానికి వెళ్ళి ఇదే రంగంలో మరింత నేర్చుకొన్న తొలితరం మహిళగా ఇక్కడ పేర్కొనదగినవారు. 1908 మూసీ వరదలలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతిన్న తరువాత, ఏడవ నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో ఉస్మానియా ఆసుపత్రి భవనం నిర్మించబడినది.

భారతదేశంలో మత్తుమందు ఇచ్చే బాధ్యత వైద్యులదే. గ్రామీణ ప్రసూతి కేంద్రాలలో మత్తు వైద్యుల కొరత తీర్చుటకు ప్రభుత్వం 18 వారాల స్వల్పకాలిక శిక్షణ ప్రవేశపెట్టినప్పుడు కూడా, అది ఎం.బి.బి.ఎస్. వైద్యులకే గాని నర్సులకు కాదు. కనుక ఇక్కడి నర్సుకు ఈ వృత్తి స్వదేశంలో అందుబాటులో లేదు. థియేటరులో మందులు, పరికరాలు సిద్ధం చేసి వైద్యునికి సహకరించుట వరకే ఆమె పని.

అమెరికాలో వృత్తి పుట్టుక

అమెరికాలో వైద్యులు ఈ పనిపై అంతగా ఆసక్తి చూపని రోజులలో శస్త్రవైద్యులు నర్సులకు శిక్షణ ఇచ్చి మత్తు బాధ్యత అప్పగించారు. మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టరులో పనిచేసిన ఆలిస్ మెగా 14,000కు పైగా మత్తు ప్రక్రియల అనుభవాన్ని 1906లో ప్రచురించింది. నర్సులు మత్తు ఇచ్చుట చట్టవిరుద్ధమని వైద్యులు వేసిన దావాను 1936లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అంతకు ముందే, 1931లో, అగాథా హాడ్జిన్స్ నాయకత్వంలో వీరి జాతీయ సంఘం ఏర్పడినది.

విదేశీ నర్సు దాటవలసిన మెట్లు

1. డిగ్రీ: మత్తు కోర్సుకు బి.ఎస్సీ. నర్సింగు వంటి పట్టా కావలెను. జి.ఎన్.ఎం. డిప్లొమా మాత్రమే ఉన్నవారు పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. వంటి చదువు ద్వారా ఆ లోటు పూరించుకోవాలి.

2. పత్రాల పరిశీలన: 1977లో స్థాపించబడిన సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. (2025లో ట్రూమెరిట్‌గా పేరు మారినది) విదేశీ నర్సుల చదువును పరిశీలిస్తుంది. కళాశాల, నర్సింగు కౌన్సిలు తమ పత్రాలను నేరుగా పంపవలసి ఉండుట వలన, పాత రికార్డులు దొరకని చోట జాప్యం జరుగుతుంది.

3. ఎన్‌క్లెక్స్ పరీక్ష: అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుకు ఇది తప్పనిసరి. అభ్యర్థి జవాబులను బట్టి తరువాతి ప్రశ్న స్థాయి మారుతుంది. 2023 ఏప్రిల్ నుండి ప్రశ్నల సంఖ్య 85 నుండి 150 వరకు ఉంటుంది. ఈ పరీక్షను హైదరాబాదులోనే వ్రాయవచ్చును.

4. వీసా: నర్సులు సాధారణంగా ఇ.బి.-3 తరగతి వలస వీసాపై వెళ్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి వీసాలు ఇవ్వరాదన్న పరిమితి వలన, భారతదేశంలో జన్మించినవారు పదేళ్ళకు పైగా నిరీక్షించవలసి వస్తున్నది.

5. ఐ.సి.యు. అనుభవం: కనీసం ఒక సంవత్సరం పూర్తికాలం విషమస్థితి రోగుల సేవ చేసి ఉండాలి. వెంటిలేటరు, రక్తపోటును నిలబెట్టే మందులు, ధమనిలో గొట్టం ద్వారా రక్తపోటు కొలుచుట వంటివి రోజువారీ పనిగా చేసి ఉండాలి. పోటీ వలన ఎక్కువమంది రెండు, మూడేళ్ళ అనుభవంతో దరఖాస్తు చేస్తారు.

6. మత్తు కోర్సు: 2022 జనవరి నుండి చేరేవారందరికీ ఇది డాక్టరేటు స్థాయి చదువు. కనీసం 36 నెలలు సాగుతుంది. విద్యార్థి కనీసం 600 మత్తు కేసులు, 2,000 గంటల క్లినికల్ శిక్షణ పూర్తి చేసి, జాతీయ పరీక్షలో ఉత్తీర్ణత పొందాలి.

ప్రధానమైన అడ్డంకి

పై మెట్లలో విదేశీ నర్సుకు అన్నింటికన్నా కష్టం కలిగించేది అయిదవది. కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి నిర్వచనం ప్రకారం ఈ అనుభవం అమెరికాలో గాని, దాని అధీన ప్రాంతాలలో గాని, విదేశాలలోని అమెరికా సైనిక ఆసుపత్రులలో గాని పొందినదై ఉండాలి. ఉస్మానియా వంటి పెద్దాసుపత్రిలోనో, గల్ఫు దేశాలలోనో పదేళ్ళు ఐ.సి.యు.లో పనిచేసిన నర్సు కూడా ఈ లెక్కలో కొత్తగా మొదలు పెట్టవలసినదే. ఇది ఆమె నైపుణ్యంపై తీర్పు కాదు, పనిచేసిన చోటును బట్టి పెట్టిన నియమం. అయితే పాత అనుభవం వృథా పోదు. అమెరికాలో ఐ.సి.యు. ఉద్యోగం సంపాదించుటకు, ఇంటర్వ్యూలో మందుల మోతాదులు, శరీరధర్మాల గురించి అడిగే ప్రశ్నలను ఎదుర్కొనుటకు అదే ఆధారం.

అందువలన ఈ శాఖను కోరుకునేవారు అమెరికాలో తొలి ఉద్యోగాన్ని ఎంచుకొనేటప్పుడే జాగ్రత్త వహించవలెను. సాధారణ వార్డు, వృద్ధాశ్రమం, ఆపరేషను థియేటరు ఉద్యోగాలు సాధారణంగా ఈ అర్హత కిందకు రావు. నియామక సంస్థతో ఒప్పందంపై వచ్చినవారికి ఏ విభాగంలో, ఎంతకాలం పనిచేయాలో ఒప్పందమే నిర్ణయిస్తుంది. కాబట్టి సంతకానికి ముందు విభాగం పేరు, కాలపరిమితి, మధ్యలో విడిచిపెడితే చెల్లించవలసిన మొత్తం చూసుకొనుట అవసరం.

లాభనష్టాలు

2023 మే నాటి అమెరికా ప్రభుత్వ గణాంకాల ప్రకారం నర్సు అనస్థటిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 2,12,000 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సులది సుమారు 86,000 డాలర్లు. ఆకర్షణకు ఇది ఒక కారణం. అయితే కోర్సు జరిగే మూడేళ్ళు ఉద్యోగం చేయుట దాదాపు అసాధ్యం. జీతం ఆగిపోవుటే కాక, ఫీజులకు అప్పు చేయవలసి వస్తుంది. స్వదేశంలోని కుటుంబానికి నెలనెలా డబ్బు పంపే నర్సుకు ఈ విరామం పరీక్షకన్నా పెద్ద చిక్కు.

ఈ అర్హత అన్ని దేశాలలో చెల్లదు. బ్రిటన్‌లో మత్తు విభాగపు నర్సు వైద్యునికి సహాయకురాలు మాత్రమే. ఫ్రాన్సు, స్వీడన్లలో నర్సు అనస్థటిస్టులు ఉన్నా, అక్కడి భాష, శిక్షణ నియమాలు వేరు. స్వదేశానికి తిరిగి వచ్చినవారు ఈ డాక్టరేటుతో ఇక్కడ స్వయంగా మత్తుమందు ఇవ్వలేరు. కావున ఈ శాఖలో అడుగుపెట్టుట అనగా ఒక వృత్తిని ఎంచుకొనుటయే కాక, ఆ వృత్తి చేయదగిన దేశాన్ని కూడా ఎంచుకొనుట అవుతుంది.