పేరు మన పేరునే ఉండాలి

2024 మార్చిలో గూగుల్ ఒక సేవను ఆపేసింది. మ్యాప్స్‌లో తమ దుకాణం వివరాలు పెట్టుకున్న చిన్న వ్యాపారులకు అది ఉచితంగా ఒక పేజీ వెబ్‌సైట్ ఇచ్చేది. చిరునామా చివర ‘బిజినెస్ డాట్ సైట్’ అని ఉండేది. ఆ సైట్లన్నీ ఒక్కసారే మూతపడ్డాయి. పాత చిరునామా కొట్టినవాళ్లను జూన్ 10 వరకు మ్యాప్స్ వివరాల దగ్గరికి పంపింది, ఆ తర్వాత అదీ లేదు. ఉచితంగా ఇచ్చింది, ముందుగానే చెప్పింది. తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఆ చిరునామాను బోర్డు మీద రాయించుకున్నవాళ్లు, కార్డుల మీద అచ్చేయించుకున్నవాళ్లు ఏం కావాలి?

అండమాన్‌లో, జంగ్లీఘాట్‌లో నేను ప్రింటింగ్, వెబ్‌సైట్ల పని చేస్తాను. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు మా చుట్టూ చాలామంది. చేపల వ్యాపారం పెద్దలది, హోమ్‌స్టేలు, టాక్సీలు, టూర్ ప్యాకేజీలు పిల్లలవి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల తీగ. అంతకుముందు మాకు నెట్ అంటే శాటిలైటే, ఒక ఫొటో ఎక్కించాలన్నా ఓపిక కావాలి. కేబుల్ వచ్చాక వ్యాపారం తీరే మారింది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చేవాళ్లు గదులు, కార్లు ఫోన్‌లోనే మాట్లాడుకుని విమానం ఎక్కుతున్నారు. అందువల్ల మావాళ్లకు అసలు దుకాణం జెట్టీ పక్కన లేదు, నెట్‌లో ఉంది.

అందుకే సొంత డొమైన్ తీసుకోండని వచ్చినవాళ్లందరికీ చెబుతాను. “సోషల్ మీడియాలో పేజీ ఉంది కదమ్మా, మళ్లీ ఇది ఏటికి?” అంటారు పెద్దవాళ్లు.

డొమైన్ అంటే నెట్‌లో మన చిరునామాగా పనిచేసే పేరు, ‘డాట్ కామ్’తోనో ‘డాట్ ఇన్’తోనో ముగిసేది. మన సైట్ ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, దానికి ఒక అంకెల చిరునామా ఉంటుంది. ఎవరైనా మన పేరు కొడితే ఆ పేరు వెనక ఏ అంకె ఉందో వెతికిపెట్టే ఏర్పాటు ప్రపంచమంతటా ఉంది. ఈ కంపెనీ దగ్గర స్థలం నచ్చకపోతే ఇంకో కంపెనీకి వెళతాం, పేరు వెనక అంకె మారుస్తాం, అంతే. వచ్చేవాడికి ఆ సంగతే తెలియదు. పడవకు ఇంజను మార్చినా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అవే ఉన్నట్టు. సోషల్ మీడియా పేజీకి ఈ వీలు లేదు. ఆ పేజీని మూటగట్టి ఇంకోచోటికి తీసుకుపోలేం.

షహీద్ ద్వీప్‌లో నాకు తెలిసిన ఒక అక్క హోమ్‌స్టే నడుపుతుంది. సీజన్ మధ్యలో ఆమె పేజీ లాక్ అయిపోయింది. నిబంధనలకు విరుద్ధమని ఒక మెసేజ్, అంతకుమించి వివరం లేదు. ఏళ్లుగా అతిథులు రాసిన మంచి మాటలు, ఫొటోలు, మెసేజీల్లో ఉన్న బుకింగులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్ చేసి అడగడానికి మనిషంటూ లేడు. ఆమె పడిన ఆందోళన కళ్లారా చూశాను. పేజీలు వద్దని నేను అనను, కొత్తవాళ్లు మనల్ని చూసేది అక్కడే. అక్కడ చూసినవాళ్లను మాత్రం మన సొంత చిరునామాకు రప్పించుకోవాలి.

డొమైన్ తీసుకున్నా అది మనది కాని సందర్భాలున్నాయి. నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కష్టం ఇదే. మెయిన్‌లాండ్‌లో ఉన్న డిజైనర్ సైట్ చేసిచ్చేటప్పుడు పేరును తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేస్తాడు. కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడు, లేదా రెన్యూవల్‌కు తోచినంత అడుగుతాడు. రికార్డుల్లో యజమాని అతనే కాబట్టి గట్టిగా అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు.

మాలాగే దీవులైన టోకెలావ్ కథ కూడా చెబుతుంటాను. పసిఫిక్‌లోని ఆ చిన్న పగడపు దీవులకు ‘డాట్ టీకే’ అనే గుర్తు ఉంది. ఫ్రీనామ్ అనే కంపెనీ ఆ పేర్లను ప్రపంచమంతా ఉచితంగా పంచింది. ఆ ఉచిత పేర్లకు యజమాని కంపెనీయే, తీసుకున్నవాళ్లకు వాడుకునే హక్కు మాత్రమే. మోసగాళ్లు వాటిని విపరీతంగా వాడారు. ఫేస్‌బుక్ కంపెనీ మెటా కేసు వేసింది, 2023లో కొత్త పేర్లివ్వడం ఆగింది, 2024లో ఆ కంపెనీ ఈ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. సొంత పేరుకు ఏడాదికి పడే వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూ, మిగుల్చుకోవడానికి ఉచిత పేరు మీద బతుకుతెరువు పెట్టకండి.

పేరు ఎంచుకోవడంలో నాదొక గట్టి అభిప్రాయం. ఊరి పేరు మీద ఆధారపడొద్దు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పాత పేరుతో వెతికేవాళ్లు, కొత్త పేరుతో వెతికేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఆ రెండు పేర్లనూ సైట్ లోపల రాయండి. డొమైన్‌లో మీ హోమ్‌స్టే పేరే పెట్టండి, అదీ బెంగాలీవాళ్లు, తమిళులు ఫోన్‌లో ఒక్కసారి వింటే రాసుకోగలిగేంత చిన్నదిగా. తెలుగు లిపిలోనే ‘డాట్ భారత్’ పేర్లు కూడా ఉన్నాయి. నాకు అవంటే ఇష్టం, కానీ మా అతిథుల్లో సగం మంది వాటిని టైప్ చేయలేరు.

చిరునామా చివరి అక్షరాలకు ఎంత విలువుందో రిజర్వ్ బ్యాంకు చూపించింది. నకిలీ సైట్ల బెడదకు అడ్డుకట్టగా బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని, 2025 అక్టోబరు 31 గడువని చెప్పింది. ఆ పేర్లు ఇచ్చే పని హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థది. అడ్వాన్సు పంపే అతిథి కూడా మన చిరునామాను అలాగే చూస్తాడు. సొంత పేరు మీదున్న సైట్, దానితోనే ఉన్న ఈమెయిల్ కనిపిస్తే కొంత ధైర్యం వస్తుంది.

రిజిస్టర్ చేసేటప్పుడు యజమాని పేరు, ఫోన్ నంబరు మీవే ఇవ్వండి. ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ మాత్రం అదే డొమైన్‌ది కాకూడదు. పేరు ఆగిపోయిన రోజు ఆ ఈమెయిల్ కూడా ఆగిపోతుంది, ఇక పాస్‌వర్డ్ మార్చుకునే దారే ఉండదు. డిజైనర్‌కు డబ్బు పూర్తిగా చెల్లించేలోపే లాగిన్ మీ చేతికి రావాలి. పేరును ఇంకో కంపెనీకి మార్చుకోవడానికి ఒక రహస్య కోడ్ ఉంటుంది, అది అడిగి తీసుకునే హక్కు యజమానికి ఉంది.

గడువు మరిచిపోవడం ఎంతటివాళ్లకైనా జరుగుతుంది. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పాస్‌పోర్ట్ డాట్ కామ్‌కు డబ్బు కట్టడం మరిచిపోతే, దాని మీదే నడిచే హాట్‌మెయిల్ లాగిన్లు ఆగిపోయాయి. మైఖేల్ చేనీ అనే ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి కాపాడాడు. మనకు అలాంటివాడు దొరుకుతాడని కూర్చోలేం. డాట్ కామ్ పేరు గడువు దాటాక కొన్నాళ్లు మామూలు రుసుముతో దొరకొచ్చు, ఆ తర్వాత 30 రోజులు అదనపు రుసుముతో దొరుకుతుంది. ఆపైన అయిదు రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు.

మా దగ్గర వానల్లో బోట్లు రద్దవుతాయి, గదులు ఖాళీగా ఉంటాయి, చేతిలో డబ్బు ఆడదు, సైట్ వైపు ఎవరూ చూడరు. గడువు ఆ నెలల్లో పడితే ప్రమాదం. రెన్యూవల్ ఎంత ముందుగానైనా చేసుకోవచ్చు, పదేళ్ల వరకు ఒకేసారి కట్టుకోవచ్చు. నేను మావాళ్ల చేత జనవరిలోనే, సీజన్ డబ్బు చేతిలో ఉండగానే, కట్టిస్తాను.