ఒకే సైజు, వేరే ప్రెషర్: చిన్న రివాల్వర్‌లో ప్లస్ పీ తూటా వాడొచ్చా?

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో కొందరు షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటారు. అక్కడ తరచుగా వచ్చే డౌట్ ఒకటుంది: తూటా సిలిండర్‌లో పట్టిందంటే పేల్చొచ్చు కదా? సూటిగా చెప్తున్నా, పట్టినంత మాత్రాన పేల్చకూడదు.

ఎందుకో చూద్దాం. కారు టైర్‌లో గాలి 30, 35 పీఎస్ఐ ఉంటుంది. మామూలు 38 స్పెషల్ తూటా పేలినప్పుడు ప్రెషర్ 17,000 పీఎస్ఐ వరకూ వెళ్ళొచ్చు. 'ప్లస్ పీ' అంటే అదే తూటాకి ఇంకాస్త ఎక్కువ ప్రెషర్. 357 మాగ్నమ్‌కైతే పరిమితి 35,000.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1930లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ పెద్ద ఫ్రేమ్‌తో ఒక 38 రివాల్వర్ తెచ్చింది. దానికోసం చేసిన పవర్‌ఫుల్ తూటా సైజు మాత్రం మామూలుదే. అంటే చిన్న గన్‌లో కూడా దూరిపోతుంది. అందుకే 1935లో మాగ్నమ్ చేసినప్పుడు కేస్‌ని 3 మిల్లీమీటర్లకు పైగా పొడవు పెంచారు. 38 గన్‌లో అది పట్టదు. ప్లస్ పీకి అలాంటి అడ్డు లేదు. మామూలు తూటా ఎంతో అదీ అంతే, హాయిగా పడుతుంది.

1950లలో అమెరికా ఎయిర్‌ఫోర్స్ కోసం అల్యూమినియం సిలిండర్‌తో చిన్న రివాల్వర్లు చేశారు. తక్కువ ప్రెషర్ తూటాలు విడిగా తయారుచేసినా నమ్మకం కుదరలేదు. చివరికి వాటిలో చాలావాటిని వెనక్కి తీసుకుని ధ్వంసం చేశారు. ఇప్పటి ఎయిర్‌వెయిట్ మోడళ్ళలో ఫ్రేమ్ అల్యూమినియమే అయినా సిలిండర్ స్టీలుది. చాలావాటి బ్యారెల్ మీద 'ప్లస్ పీ' అని రాసే ఉంటుంది.

అలా రాసి ఉన్నా రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఎక్కువ వాడితే ఫ్రేమ్, సిలిండర్ త్వరగా అరుగుతాయి, వదులవుతాయి. రెండు, గన్ బరువు అరకిలో కూడా ఉండదు కాబట్టి చేతికి గట్టిగా తన్నుతుంది. ఆ కుదుపుకి సిలిండర్‌లో మిగిలిన తూటాల బుల్లెట్ కేస్‌లోంచి ముందుకు జరిగి, సిలిండర్ తిరక్కుండా ఇరుక్కుపోవచ్చు. ప్రాణం మీదకొచ్చినప్పుడు గన్ ఆగిపోతే ఎంత పవర్ ఉండి ఏం లాభం?

కాబట్టి తూటా అడుగున ఏం రాసుందో, బ్యారెల్ మీద, మాన్యువల్‌లో ఏం ఉందో మూడూ చూడండి. పాత గన్ మీద 'ప్లస్ పీ' అని లేకపోతే మామూలు తూటానే వాడండి. డౌట్ ఉంటే గన్‌స్మిత్‌కి చూపించండి. 'ప్లస్ పీ ప్లస్' అని కనిపిస్తే ఇంకా జాగ్రత్త, దానికి అందరూ ఒప్పుకున్న ప్రెషర్ పరిమితే లేదు.