నమిలే శక్తి – వయసు: పంచవిధాహార విభజన వెలుగులో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
వయసు పెరిగేకొద్దీ నమిలే శక్తి తగ్గిపోతుందన్నది సమాజంలో స్థిరపడిన భావన. ఆ తగ్గుదలలో వయసు వాటా ఎంత, దంతనష్టం వాటా ఎంత అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఆహారాన్ని నోటి పనినిబట్టి ఐదు విధాలుగా చూసిన సంప్రదాయ విభజనను ఆధారంగా చేసుకొని, శైశవం నుంచి వార్ధక్యం వరకు నమలడంలో వచ్చే మార్పులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నమలడం, దంతాలు, లాలాజలం, వార్ధక్యం, పంచవిధాహారం.

1. ఉపోద్ఘాతం:
విందు గొప్పతనం చెప్పడానికి తెలుగువారు ‘పంచభక్ష్య పరమాన్నాలు’ అంటారు. ఈ పలుకుబడి వెనుక భక్ష్య, భోజ్య, లేహ్య, చోష్య, పానీయాలనే విభజన ఉంది. ఇందులో పదార్థం దేనితో వండారన్నది లెక్క కాదు. నోరు దాన్ని ఏం చేస్తుందన్నదే లెక్క. కొరికి నమిలేది భక్ష్యం, మెత్తగా తినేది భోజ్యం, నాకేది లేహ్యం, జుర్రుకునేది చోష్యం, తాగేది పానీయం. ముక్కలుగా కోసుకొని తిన్న మామిడిపండు ఒక తరగతికి చెందితే, రసం జుర్రుకున్న అదే పండు మరో తరగతికి చెందుతుంది.

ఈ ఐదింటినీ వయసు వరుసలో పెట్టి చూస్తే శిశువు పానీయంతో మొదలై భక్ష్యం దాకా ఎక్కడం, వృద్ధులు భక్ష్యం నుంచి మెల్లగా దిగడం కనిపిస్తాయి. పసివారి నోటినీ ముసలివారి నోటినీ తెలుగులో ‘బోసినోరు’ అనే అంటాం. మాట ఒకటే అయినా ఆ రెండు స్థితులూ ఒకటి కావు.

2. శైశవ, బాల్య దశలు:
పాలు తాగడం పుట్టుకతో వచ్చే నేర్పు. నమలడం అభ్యాసంతో వచ్చేది. శిశువుకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తరువాత అదనపు ఆహారం మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. మన అన్నప్రాశన సంప్రదాయం కూడా ఆరో నెలనే చెబుతుంది. దాదాపు అదే కాలంలో తొలి పాలపన్ను వస్తుంది. మూడేళ్ళు వచ్చేసరికి పాలపళ్ళు 20 పూర్తవుతాయి. మొదట్లో దవడ పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. పక్కలకు తిరుగుతూ నూరే కదలిక క్రమంగా అలవడుతుంది. అందుకే గుజ్జు నుంచి మెత్తని ముద్దకూ, ముద్ద నుంచి పలుకులకూ పిల్లలను నడిపించాలి. ఈ మెట్టు బాగా ఆలస్యమైతే పలుకులున్న ఆహారాన్ని వారు తిరస్కరించే అవకాశం ఎక్కువ.

ఆరేళ్ళ ప్రాంతంలో తొలి శాశ్వత దవడపన్ను వస్తుంది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే కాలంలో నమలడం కొంత కుంటుపడినా, 13 ఏళ్ళ నాటికి సాధారణంగా 28 పళ్ళు అమరుతాయి. నాలుగు జ్ఞానదంతాలూ వస్తే మొత్తం 32 అవుతాయి. అవి అందరికీ రావు.

3. యౌవనంలో నోటి పనితీరు:
ముందుపళ్ళు కొరుకుతాయి, కోరపళ్ళు చీలుస్తాయి, దవడపళ్ళు నూరుతాయి. రుబ్బురోట్లో పిండిని ఎగదోసే చేతిలా నాలుక, బుగ్గలు ఆహారాన్ని మళ్ళీ మళ్ళీ పళ్ళ కిందికి నెడతాయి. దవడను నాలుగు జతల ప్రధాన కండరాలు కదిలిస్తాయి. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర వరకు ఊరే లాలాజలం నలిగిన పలుకులను జారుడు ముద్దగా మారుస్తుంది. అంటే నమిలే శక్తి పళ్ళ ఒక్కదాని సొత్తు కాదు; పళ్ళు, కండరాలు, నాలుక, లాలాజలం కలిసి చేసే పని. సకినాలు, జంతికలు, జొన్నరొట్టె వీటన్నిటికీ పని చెబుతాయి. దాదాపు నమలకుండానే మింగే రాగిసంగటి పళ్ళకు పెద్దగా పని పెట్టదు.

4. వార్ధక్యంలో వచ్చే మార్పులు:
ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. మొదటిది, వయసు స్వయంగా తెచ్చే మార్పు. దవడ కండరాలు పలచబడతాయి. అదే ముద్దకు ఎక్కువసార్లు నమలవలసి వస్తుంది. అయినా పళ్ళు ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు ఆ అదనపు నమలడంతో ఆహారాన్ని యువకులకు దీటుగానే నలపగలరు. అంటే, వయసు ప్రధానంగా కోరేది సమయం.

రెండవది, దంతనష్టం తెచ్చే మార్పు. ఇది మరింత తీవ్రమైనది. పూర్తి కట్టుడుపళ్ళు ఉన్నవారి కొరికే బలం సహజదంతాలున్నవారి బలంలో చిన్న భాగమే. ఎన్నిసార్లు నమిలినా ఆహారం అంత మెత్తగా నలగదు. పన్ను పోయినచోట దవడ ఎముక క్రమంగా అరిగి, ఒకప్పుడు సరిపోయిన కట్టుడుపళ్ళు వదులవుతాయి. దీనికి నోరు ఎండిపోవడం తోడవుతుంది. చాలామందిలో అందుకు కారణం వయసుకంటే వారు వాడే మందులే.

పళ్ళు పోవడానికి ముఖ్యకారణాలు పిప్పిపళ్ళు, చిగుళ్ళ వ్యాధి. పొగాకు చిగుళ్ళకు మరింత చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 23 శాతం మందికి ఒక్క పన్నూ లేదు. మరోవైపు జపాన్ 1989లో ‘80 ఏళ్ళ వయసుకు 20 పళ్ళు’ అనే ఉద్యమాన్ని ప్రారంభించింది. 2016 సర్వే నాటికి అక్కడ ఆ వయసువారిలో సగం మంది ఈ లక్ష్యాన్ని చేరుకున్నట్టు అంచనా. ముసలితనమంటే బోసినోరే అన్న సమీకరణం తప్పనిసరి కాదని ఇది నిరూపిస్తుంది.

5. విస్తరిలో కనిపించే దిగుడు:
నమలలేకపోవడం సాధారణంగా ఫిర్యాదుగా బయటికి రాదు. ముందు చెరకు, వేరుశనగలు, జంతికలు మానుకుంటారు. తరువాత జామకాయ, పచ్చికూరలు, మాంసం పోతాయి. చివరికి మజ్జిగన్నం, ఇడ్లీ మిగులుతాయి. పీచు, మాంసకృత్తులు తగ్గుతాయి. మాంసకృత్తులు తగ్గితే కండరాలు నీరసిస్తాయి. ఆ కండరాల్లో దవడను కదిలించేవీ ఉంటాయి. ఎందుకు తినడంలేదని అడిగితే పెద్దలు నీళ్ళు నములుతారు. ‘ఆకలి లేదు’ అంటారు. పంక్తిలో అందరూ లేచిపోతుంటే సగం ముద్దలోనే తామూ లేస్తారు. ఇంట్లోవారు దాన్ని రుచి తగ్గడంగా భావించి వడ్డించడం మానేస్తారు.

పళ్ళు లేని పెద్దలు తాంబూలం కోసం వక్క, ఆకు చిన్నరోట్లో దంచుకునేవారు. వక్క కేన్సర్ కారకమని నేడు నిర్ధారణ అయింది కాబట్టి ఆ అలవాటు అనుసరించదగినది కాదు. అందులోని ఉపాయం మాత్రం తీసుకోదగినది. పదార్థాన్ని వదలకుండా రూపం మార్చుకోవచ్చు. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టవచ్చు, వేరుశనగలను పొడి చేయవచ్చు, మాంసాన్ని ఖీమాగా వండవచ్చు, జామపండును తురమవచ్చు. అయితే నమలగలిగినవారికి అన్నీ జావగా మార్చి పెట్టడం మేలు కాదు. వాడని కండరం మరింత తగ్గుతుంది. మింగేటప్పుడు తరచూ దగ్గు, పొరపోవడం ఉంటే వైద్యులకు చూపించాలి.

6. ముగింపు:
1. శిశువు బోసినోరు నేర్చుకోబోయే నోరు; వృద్ధుల బోసినోరు చాలావరకు చికిత్స అందక మిగిలిన నోరు.
2. వయసు నమలడాన్ని నెమ్మదింపజేస్తుంది. దంతనష్టం దాన్ని దెబ్బతీస్తుంది. మొదటిదానికి భోజనంలో తీరిక కావాలి, రెండవదానికి దంతవైద్యం కావాలి.
3. పెద్దలు ఏ పదార్థాలను వదిలేస్తున్నారో గమనించడం ఇంట్లోవారు చేయగల తొలి పరీక్ష. ‘ఆకలి లేదు’ అన్న మాట విన్నప్పుడు, నమలగలుగుతున్నారా అని కూడా అడగాలి.